నీలకంఠం రొయ్య గుడ్లు పెడుతోంది, పిల్లలు మాత్రం కనబడట్లేదు... ఎందుకు?

చెరువుగట్టు_కైకలూరు | జూలై 2, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది కైకలూరు దగ్గర పల్లె. 4 ఎకరాల చెరువులో బొచ్చె, శీలావతి చేపలు వేస్తాను. సంక్రాంతి వెళ్లాక వాటితో పాటు 8,000 నీలకంఠం పిల్లలు కూడా వదిలాను, చేతి ఖర్చులకి ఉంటాయని.

నిన్న సాయంత్రం విసురు వల వేస్తే 30 దాకా పడ్డాయి. అందులో 12 ఆడవి. అన్నిటికీ పొట్ట కింద గుడ్లే. తోక మడిచే చోట రవ్వకేసరి మెత్తినట్టుంది. రెండు మూడింటికి ఆ రంగు పోయి పలక రంగు వచ్చింది.

నా డౌటు ఏంటంటే, ఒక్కో తల్లికి వేలల్లో గుడ్లుంటే ఈపాటికి చెరువు నిండా పిల్లలుండాలి కదా? పెసరగింజంత పిల్ల కూడా కనబడలేదు. మేత చూసుకునే చెక్ ట్రేలో లేవు, గట్టు వార నాచులో చెయ్యి పెట్టి వెతికినా లేవు. చేపలు తినేస్తున్నాయా? ఇవి ఇక్కడే పిల్లలు పెడితే ఏటా సీడ్ (కొనే పిల్లల) డబ్బులు మిగులుతాయని చిన్న ఆశ.

రొయ్యల_ఇగురు | జూలై 2, రాత్రి 9:30

గుడ్లున్నవి వదిలేసి పెద్ద చేతుల మగవాటిని మా ఇంటికి పంపండి, సమస్య సగం తీరిపోతుంది.

వనామీ_బాధితుడు | జూలై 2, రాత్రి 10:05

ఇందులో డౌటేముంది? బొచ్చెలే తింటున్నాయి. చేపలు తీసేసి ఒక్క రొయ్యలే ఉంచండి, పిల్లలు అవే కనబడతాయి. మా బావమరిది చెరువులో అలాగే వచ్చాయి.

జువాలజీ_మేడమ్ | జూలై 3, ఉదయం 6:48

చేపలు తీసేసినా రావండీ. మీ బావమరిది గారి చెరువులో వచ్చినవి నీలకంఠం పిల్లలు అయ్యుండవు. కాలవ నీళ్లతో వచ్చే చిన్న జాతి రొయ్య ఏదో అయ్యుంటుంది, దాని సంగతి వేరు.

నీలకంఠం శాస్త్రీయ నామం మాక్రోబ్రాకియమ్ రోజెన్‌బెర్గి. దాన్ని మంచినీటి రొయ్య అంటాం కానీ, పుట్టిన మొదటి నెల అది మంచినీళ్లలో బతకలేదు. గుడ్డు పగిలి బయటికొచ్చిన లార్వాకి ఉప్పునీరు కలిసిన నీళ్లు కావాలి, 12 నుంచి 15 పీపీటీ దాకా, అంటే లీటరుకి సుమారు అన్ని గ్రాముల ఉప్పు. అవి దొరక్కపోతే నాలుగైదు రోజుల్లో చచ్చిపోతుంది. మీ చెరువులో పిల్లలు పుడుతూనే ఉన్నాయి. పుట్టినవి పుట్టినట్టే పోతున్నాయి. అవి 2 మిల్లీమీటర్లు కూడా ఉండవు, కంటికి ఆనవు కాబట్టి మీకు తెలియట్లేదు.

నదిలో అయితే గుడ్లతో ఉన్న తల్లి దిగువకి, నది సముద్రంలో కలిసే వైపుకి దిగిపోతుంది. అక్కడి పర్ర నీళ్లలో పిల్లలు పెరుగుతాయి. లార్వాకి వరసగా 11 దశలున్నాయి, ఒక్కో దశకీ పెంకు విడుస్తుంది. అన్నీ దాటాక అచ్చం రొయ్య రూపం వస్తుంది. మనం పీఎల్ (పోస్ట్ లార్వా) అనేది దాన్నే. అప్పుడు ఎదురీదుకుంటూ మంచినీళ్లలోకి ఎక్కి వస్తుంది. కొల్లేరుకీ సముద్రానికీ మధ్య ఆ దారి ఉప్పుటేరే. మీ చెరువుకి నాలుగు వైపులా గట్లు. తల్లి ఎటు పోతుంది చెప్పండి?

మీరు చూసిన పలక రంగు మంచి గుర్తు. పెట్టిన గుడ్లు నారింజ రంగులో ఉంటాయి. పగలడానికి రెండు మూడు రోజుల ముందు లోపలి పిల్ల కళ్లు, ఒళ్లు తెలిసి నల్లబడతాయి. 28 డిగ్రీల వేడిలో పెట్టిన దగ్గర్నుంచి పొదగడానికి సుమారు 20 రోజులు.

అక్వేరియం_అభి | జూలై 3, ఉదయం 11:20

మేడమ్, ఒక చిన్న అభ్యంతరం. హైదరాబాద్‌లో మా రూమ్‌లో చెర్రీ ష్రింప్ పెంచుతున్నాను. కుళాయి నీళ్లే, చిటికెడు ఉప్పు కూడా వెయ్యను. పదితో మొదలుపెడితే ఇప్పుడు 200 దాటాయి. అది కూడా రొయ్యే కదా?

జువాలజీ_మేడమ్ | జూలై 3, మధ్యాహ్నం 1:15

మంచి ప్రశ్న అడిగావు బాబూ. నీ చెర్రీ ష్రింప్ పొట్ట కింద గుడ్లు లెక్కపెట్టావా? పాతికో ముప్పయ్యో ఉంటాయి, కానీ ఒంటికి తగ్గట్టు చూస్తే ఒక్కోటీ పెద్దది. లోపల పచ్చసొన దండిగా ఉంటుంది. అందుకే పిల్ల గుడ్డులోనే లార్వా దశలన్నీ గడిపేసి బుల్లి రొయ్యగా బయటికొస్తుంది. సద్ది మూట ఇచ్చి పంపినట్టు. మన కాలవల్లో తిరిగే మాక్రోబ్రాకియమ్ లమారీ కూడా ఇంచుమించు ఈ పద్ధతే, మంచినీళ్లలోనే తరం తరవాత తరం గడిపేస్తుంది. వనామీ_బాధితుడు గారి బావమరిది చూసింది అదే అని నా అనుమానం.

నీలకంఠం లెక్క వేరు. బాగా ఎదిగిన తల్లి 80 వేల నుంచి లక్ష గుడ్లు పెడుతుంది. తొలి కాన్పు అయితే 5 వేల నుంచి 20 వేల లోపే. గుడ్డు గసగసం కన్నా చిన్నది. అందులో తిండి ఎంతని పెట్టగలదు? పుట్టిన రెండో రోజుకే పిల్ల తన తిండి తాను వెతుక్కోవాలి. ఆ తిండి, అంటే కంటికి కనబడని తేలాడే జీవులు, నది ముఖద్వారాల్లో పుష్కలంగా ఉంటాయి. పైగా ఆ వయసులో ఒంట్లో ఉప్పుని బయటికి పోకుండా పట్టి ఉంచుకునే శక్తి దానికి లేదు. మంచినీళ్లలో ఉంచితే నీరు లోపలికి చేరుతూనే ఉంటుంది.

లంక_విసురువల | జూలై 3, రాత్రి 8:55

మేడమ్ గారు చెప్పిన ఎదురీతని నేను కళ్లారా చూశానండి, ఆయ్. మాది ధవళేశ్వరం దిగువన లంక గ్రామం. ఇప్పుడు బ్యాంకులో పని చేస్తున్నా, మా నాన్న మాత్రం నలభై ఏళ్లు గోదావరి మీదే వల వేశాడు.

మాది నీలకంఠం కాదు, గోదావరి రొయ్య. పుస్తకాల్లో మాల్కమ్‌సోనీ అంటారు. దానికీ ఇదే బతుకు. వరద నీళ్లు ఎర్రగా వచ్చే రోజుల్లో గుడ్ల తల్లులు కిందికి పోతాయి. ఆ తరవాత పిల్లలు పైకొస్తాయి. చిన్నప్పుడు ఓ రాత్రి నాన్న పెట్రోమాక్సు పట్టుకుని ఆనకట్ట కిందికి తీసుకెళ్లాడు. నీళ్లు జాలువారే చోట రాతి మీద నాచు కదులుతున్నట్టు అనిపించింది. దగ్గరికి వెళ్తే నాచు కాదు. చిగురుటాకు నరాల్లా సన్నగా, లోపలిది బయటికి కనబడే పిల్ల రొయ్యలు, వందలు. నీళ్లలోంచి బయటికొచ్చి తడి రాతి మీద పాకుతున్నాయి. దీపం దగ్గరికి పెడితే కళ్లు నిప్పురవ్వల్లా మెరిశాయి. కొంత ఎక్కాక నీటి దెబ్బకి జారిపోతాయి, మళ్లీ మొదలు. నాన్న ఒక్కటంటే ఒక్కటి కూడా తియ్యనివ్వలేదు.

1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిందని అందరం గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే, మా అన్నం అక్కడిదే. కానీ రొయ్యల వైపు నుంచి ఎవరూ అడగలేదు.

ఆలప్పుళ_తెలుగోడు | జూలై 3, రాత్రి 10:40

నేను ఉద్యోగం మీద కేరళలో ఉంటున్నా. ఇక్కడ నీలకంఠాన్ని ఆట్టుకొంజు అంటారు. వేంబనాడ్ కాయల్లో, అంటే సముద్రంతో కలిసే సరస్సులో, అదొక పేరున్న రొయ్య. 1970ల్లో కుట్టనాడు వరి పొలాల్లోకి ఉప్పునీరు ఎక్కకుండా తన్నీర్‌ముక్కం దగ్గర కాయలుకి అడ్డంగా బండ్ కట్టారు. ఎండాకాలం షట్టర్లు దించేస్తారు. దక్షిణం వైపు మంచినీళ్లు, ఉత్తరం వైపు ఉప్పునీళ్లు. రొయ్యకి రెండూ కావాలి, మధ్యలో గోడ. వరికి మంచి జరిగింది, కొంజు తగ్గిపోయింది. ఇక్కడి ముసలి జాలరుల్ని కదిపితే ఈ గొడవ గంట చెబుతారు.

జువాలజీ_మేడమ్ | జూలై 4, ఉదయం 6:30

సెనెగల్లో జరిగింది ఇంకా చిత్రం. 1986లో అక్కడి నది మీద డయామా డ్యామ్ పూర్తయింది. ఆ నదిలో ఉండే మన నీలకంఠం దాయాది రొయ్య పైకి రాలేకపోయింది. ఆ రొయ్య నత్తల్ని తింటుంది. అది రాకపోవడమూ, ఉప్పు చేరని మంచినీళ్లు ఏడాదంతా నిలవడమూ కలిసి నత్తలు పెరిగాయి. ఆ నత్తల్లో ఉండే పురుగు మనుషులకి బిల్హార్జియా జబ్బు తెస్తుంది. పై ఊళ్లల్లో జబ్బు విపరీతంగా పాకింది. తరవాత శాస్త్రవేత్తలు ఒక రేవులో వల కట్టి రొయ్యల్ని వదిలితే నత్తలూ తగ్గాయి, జబ్బూ తగ్గింది.

క్లాసులో ఇది చెబితే ఏ పిల్లాడూ నిద్రపోడు.

చెరువుగట్టు_కైకలూరు | జూలై 11, రాత్రి 9:50

మేడమ్ గారి మాట మీద నమ్మకం లేక కాదు, కళ్లతో చూద్దామని ఓ పని చేశాను. పలక రంగు గుడ్లున్న తల్లిని ఒకదాన్ని నల్ల ప్లాస్టిక్ టబ్బులో, చెరువు నీళ్లు గుడ్డలో వడగట్టి వేశాను. మా అబ్బాయి ఫిష్ ట్యాంక్ గాలి మోటారు తగిలించా.

ఆరో తేదీ రాత్రి 11 గంటలకి టార్చి వేసి చూద్దును కదా, తల్లి కాళ్ల మీద లేచి నిలబడి పొట్ట కింద తెడ్లు గబగబా ఆడిస్తోంది, చేటతో చెరిగినట్టు. చెరిగినప్పుడల్లా పొగలాగా ఏదో బయటికొస్తోంది. టార్చి ఓ మూలకి పెడితే ఆ పొగంతా మూలకి చేరింది. గాజు గ్లాసులో ముంచి మా అబ్బాయి స్కూలు భూతద్దంతో చూస్తే, ఒక్కొక్కటీ తలకిందులుగా వేలాడుతూ తోక ముందుకి పెట్టి వెనక్కి ఈదుతోంది. మా ఆవిడ చూసి, ఇవి పుట్టడమే అడ్డదిడ్డంగా పుట్టాయి అంది.

నాలుగో రోజుకి పొగ పల్చబడింది. ఈ రోజు ఐదో రోజు. అడుగున బూజులా పేరుకుంది, టార్చి వేస్తే ఒక్కటీ రాలేదు. తిండి కూడా పెట్టాను, కోడిగుడ్డు పచ్చసొన. ఎందుకో మనసు బాగోలేదు.

హ్యాచరీ_రాత్రిడ్యూటీ | జూలై 11, రాత్రి 11:58

బాబాయ్, బాధపడకండి. ఇదే తప్పు ప్రపంచంలో పెద్దపెద్ద వాళ్లూ చేశారు. నేను నెల్లూరు తీరంలో 14 ఏళ్లు హ్యాచరీల్లో పని చేశాను, ఈ కథ మా పాత టెక్నీషియన్ చెప్పేవాడు.

1961లో మలయాలో, పెనాంగ్ దగ్గర, షావ్ వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) తరఫున ఈ రొయ్య మీద పని చేస్తున్నాడు. ఆయనకీ మీలాగే తల్లి గుడ్లు పెట్టేది, పిల్లలు ఐదో రోజుకి పోయేవి. తిండి మార్చాడు, నీళ్లు మార్చాడు, ఏం చేసినా అంతే. విసిగిపోయి తన అన్నం బల్ల మీదున్నవన్నీ తలో గ్లాసులో కాస్త వేశాడనీ, సోయా సాస్ వేసిన దాంట్లో పిల్లలు ఇంకా ఈదుతూ కనబడ్డాయనీ చెప్పుకుంటారు. సాస్‌లో ఏముంది? ఉప్పు! మరీ ఇంత సినిమాగా జరిగిందో లేదో కానీ, లార్వాకి ఉప్పు కలిసిన నీళ్లు కావాలని కనిపెట్టింది మాత్రం ఆయనే. 1965లో ఫుజిమురా అనే ఆయన మలేషియా నుంచి 36 రొయ్యల్ని హవాయి తెప్పించుకుని, పెద్ద ట్యాంకుల్లో లక్షల పిల్లల్ని తీసే పద్ధతి తయారుచేశాడు. మన హ్యాచరీలన్నీ ఆ దారిలో వచ్చినవే.

మళ్లీ చేస్తానంటే చెప్పండి, పద్ధతి రాస్తాను. టబ్బులో నాలుగు పిల్లలు తీయడం పెద్ద విషయం కాదు. సీడ్ డబ్బులు మిగులుతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. నిద్ర పోతుంది, కరెంటు బిల్లు వస్తుంది.

చెరువుగట్టు_కైకలూరు | జూలై 12, ఉదయం 5:40

చేస్తాను. రాయండి.

హ్యాచరీ_రాత్రిడ్యూటీ | జూలై 12, మధ్యాహ్నం 2:20

సముద్రం నీళ్లు తెచ్చి బ్లీచింగ్ వేసి రెండు రోజులు గాలి కొట్టి వాసన పోయాక వాడండి. నీళ్లు తెచ్చిన రోజే శాలినిటీ మీటర్ పెట్టండి, 35 ఉంటుందని లెక్కేసుకోవద్దు. వానాకాలం, నది ముఖద్వారం పక్కన ఎంతైనా ఉండొచ్చు. 12 పీపీటీకి కలపాలి. వేడి 28 నుంచి 31 మధ్య.

తల్లిని ఎంచేటప్పుడు కాళ్లు, మీసాలు తెగనిది, పలక రంగు గుడ్లది చూడండి. టైగర్ రొయ్యల హ్యాచరీలో లాగా గుడ్డు పట్టించడానికి దీనికి కన్ను కొయ్యక్కర్లేదు, చెరువులోనే తనంతట తాను గుడ్డు పట్టే రకం. పిల్లలు దిగాక తల్లిని తీసేయండి.

మొదటి రోజు తిండి అక్కర్లేదు, సొన మీద బతుకుతాయి. భూతద్దంలో చూడండి, పుట్టినప్పుడు కళ్లు తలకి అతుక్కుని ఉంటాయి, రెండో దశకి కాడల మీద లేస్తాయి. కాడ లేచిందంటే ఆకలి మొదలైనట్టే. అప్పట్నుంచి ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో బతికే బుల్లి జీవులు. డబ్బాలో గుడ్లు అమ్ముతారు, ఉప్పునీళ్లలో వేసి గాలి కొడితే 24 గంటల్లో పిల్లలవుతాయి. అవి బతికున్నవే వెయ్యాలి, ఎందుకంటే ఈ లార్వా తిండి కోసం వెతకదు, ఒంటికి తగిలిందాన్నే పట్టుకుంటుంది. మీరు వేసిన సొన అడుగుకి పోయి కుళ్లి ఉంటుంది. వారం దాటాక కోడిగుడ్డు, పాలపొడి కలిపి ఆవిరికి ఉడికించి, జల్లెడ పట్టి చిటికెడు చిటికెడు వెయ్యొచ్చు. అడుగు చెత్త రోజూ సన్న గొట్టంతో లాగెయ్యండి.

ఎప్పుడో 20 రోజులు దాటాక ఒకటి తిరగబడుతుంది. వెల్లకిలా ఈదేది బోర్లా తిరిగి తలకాయి ముందుకి పెట్టి నడుస్తుంది. అది పీఎల్.

వనామీ_బాధితుడు | జూలై 13, రాత్రి 8:10

ఇదంతా బానే ఉంది కానీ అసలు దెబ్బ సైజు దగ్గరండి. నేను 2004లో నీలకంఠం వేశాను. ఒకే హ్యాచరీ, ఒకే రోజు సీడ్. పట్టుబడి రోజు చూస్తే ఒకటి 150 గ్రాములు, పక్కది 10 గ్రాములు. ఆ చిన్నవాటికి చేతులు కూడా సరిగ్గా లేవు. కల్తీ సీడ్ కాక మరేంటి? రెండు జాతులు కలిపి అంటగట్టారు.

జువాలజీ_మేడమ్ | జూలై 13, రాత్రి 9:25

కల్తీ కాదండీ. రెండూ అన్నదమ్ములే.

మగ నీలకంఠాల్లో మూడు రకాలుంటాయి. చిన్న మగ, నారింజ చేతుల మగ, నీలం చేతుల మగ. చిన్న మగకి పెరిగే శక్తి లేక కాదు, పెరగదు అంతే. పెద్దవాటి మధ్య తిరుగుతూ, కొట్లాటలకి పోకుండా, సందు చూసుకుని ఆడదానితో కలుస్తుంది. నారింజ చేతులది తిని ఒళ్లు పెంచడం మీదే ఉంటుంది. అది నీలం చేతులదయ్యాక పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. చేతులు ఒంటికన్నా పొడుగు, ముళ్లు ముళ్లు. ఇక దాని పని పెత్తనమే, ఆడవాటిని కాపలా కాయడం, మిగతావాటిని తరమడం.

అసలు తమాషా ఏంటంటే, నారింజది నీలంగా మారాలంటే చెరువులో ఉన్న నీలందాని సైజు దాటాలి. దాటి మారితే కొత్త పెద్ద అదే. తరవాతది దాన్ని దాటాలి. చిన్నప్పుడు ఒంగుళ్లు దూకుళ్లు ఆడేవాళ్లం చూడండి, అచ్చం అలాగే. దీన్ని ఎక్కువగా తవ్వి తీసింది ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు. పెద్ద నీలం మగల్ని వలతో ఏరేస్తే కింద అణిగి ఉన్న చిన్నవి పెరగడం మొదలెడతాయి. మీరు ఒకేసారి చెరువు ఎండగట్టి పట్టి ఉంటారు.

నీలకంఠం అన్న పేరు ఎవరు పెట్టారో కానీ, నీలం కంఠంలో లేదు, చేతుల్లో ఉంది.

వనామీ_బాధితుడు | జూలై 13, రాత్రి 9:41

ఇరవై ఏళ్లు ఆ సీడ్ ఇచ్చినాయన్ని తిట్టుకుంటూ ఉన్నాను. సరే.

రొయ్యల_ఇగురు | జూలై 13, రాత్రి 10:02

నీలం చేతులది అంత పెద్దదైనా తినే కండ తక్కువే వస్తుంది, తలకాయే సగం. కానీ ఆ తలలో గుజ్జు ఉంది చూడండి, ఇగురులో... సరే, ఇది బయాలజీ చర్చ, నేను పోతున్నా.

అక్వేరియం_అభి | జూలై 14, మధ్యాహ్నం 12:30

ఆడ, మగ తేడా ఎలా మేడమ్? చేతులు చూసి చెబుదామంటే చిన్న మగవి మోసం చేస్తాయి కదా. ఇంకోటి, మార్కెట్లో నీలకంఠం, టైగర్ పక్కపక్కన పెడితే రంగు కాకుండా గుర్తు ఉందా?

జువాలజీ_మేడమ్ | జూలై 14, సాయంత్రం 5:10

వెల్లకిలా తిప్పు. మగదానికి జననరంధ్రాలు చివరి జత నడక కాళ్ల మొదట్లో ఉంటాయి, ఆడదానికి మూడో జత మొదట్లో. ఆడదాని పొట్ట పక్క రేకులు వెడల్పు, గుడ్లకి తొట్టిలా ఉంటాయి.

కలిసే ముందు ఆడది పెంకు విడవాలి. మెత్తగా ఉన్న ఆ కాసేపు పెద్ద మగ దాన్ని తన చేతుల మధ్య పెట్టుకుని మిగతావి తినెయ్యకుండా కాస్తుంది. మగ ఇచ్చిన వీర్యం జిగురు ముద్దలా ఆడదాని ఛాతీ కింద అంటుకుంటుంది. కొన్ని గంటల తరవాత గుడ్లు దాని మీదుగా జారి, పొట్ట కింద మొదటి నాలుగు జతల తెడ్ల వెంట్రుకలకి అతుక్కుంటాయి. మగ లేకపోయినా ఒక్కోసారి గుడ్లు పెడుతుంది. అవి రెండు మూడు రోజుల్లో రాలిపోతాయి.

టైగర్, వనామీ లాంటి సముద్రపు రొయ్యల పొట్ట రేకులు పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి వరసగా ఉంటాయి. నీలకంఠానికి రెండో రేకు అటు మొదటిదాన్నీ ఇటు మూడోదాన్నీ కప్పుతుంది. తలకాయ తీసేసినా ఇది చెబుతుంది. టైగర్‌కి మూడు జతల కాళ్లకి పట్టకార్లుంటాయి, దీనికి రెండు జతలకే. టైగర్, వనామీ గుడ్లని మోయవు, సముద్రంలోకి వదిలేస్తాయి.

హ్యాచరీ_రాత్రిడ్యూటీ | జూలై 15, రాత్రి 1:15

2004 మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. 2005-06లో మన దేశంలో నీలకంఠం 42 వేల టన్నుల పైచిలుకు పండింది, ఎక్కువ మనదే. 2009-10కి 7 వేల టన్నుల లోపుకి పడిపోయింది. వనామీ రావడం ఒక్కటే కారణం కాదు. అసలు రొయ్య అంతకుముందే నీరసపడింది.

ఒక తప్పు మాలాంటి వాళ్లది. నది తల్లులు దొరకడం కష్టమని చెరువుల్లోంచే తల్లుల్ని తెచ్చేవాళ్లం. వాటి పిల్లలు మళ్లీ చెరువుకి, వాటిల్లో తల్లులు మళ్లీ హ్యాచరీకి. మేనరికం మీద మేనరికం. పైగా రైతు పెద్దవి ముందే అమ్మేసుకుంటాడు, మాకు మిగిలేవి సైజు రానివి. భువనేశ్వర్‌లోని సీఫా (కేంద్ర మంచినీటి చేపల పెంపకం పరిశోధన సంస్థ) వాళ్లు 2007 నుంచి గుజరాత్, కేరళ, ఒడిశా రొయ్యల్ని కలిపి మంచి రకం కోసం పని చేస్తున్నది ఇందుకే.

రెండోది తెల్లతోక. 1990ల్లో వెస్టిండీస్‌లోని గ్వాడెలూప్‌లో బయటపడిన వైరస్ జబ్బు ఇది. పెద్ద రొయ్యకి ఏమీ కాదు, తల్లి మోసుకొచ్చి పిల్లకి ఇస్తుంది. నేను పని చేసిన ఓ హ్యాచరీలో రాత్రి పీఎల్ ట్యాంకు చూస్తే కొన్నింటి తోక చివర పాలచుక్కలా ఉంది. మేత తేడా అనుకున్నా. మూడో రాత్రికి ట్యాంకు అడుగు అటుకులు పోసినట్టు తెల్లగా అయిపోయింది. 6 లక్షల పిల్లలు. ఓనరు నన్నేమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. బాబాయ్, మీ టబ్బులో తెల్లతోక కనబడితే ఆ నీళ్లు చెరువులో పొయ్యకండి, బ్లీచింగ్ కొట్టండి.

చెరువుగట్టు_కైకలూరు | జూలై 17, ఉదయం 7:05

పేరుపాలెం నుంచి నాలుగు క్యాన్ల నీళ్లు తెచ్చాను, మా బామ్మర్ది ఆటోలో. మీటర్ పెడితే 27. మీరు చెప్పకపోతే 35 అని కలిపేసేవాణ్ని. వందకి 45 లీటర్లు సముద్రానివి, 55 బోరువి కలిపితే 12 చూపించింది. నిన్న రాత్రి పిల్లలు దిగాయి.

చెరువుగట్టు_కైకలూరు | జూలై 22, రాత్రి 10:20

ఆరో రోజు. టార్చి వేస్తే మూలకి వస్తున్నాయి! ఆర్టీమియా తిన్నవాటి పొట్ట నారింజ గీతలా కనబడుతోంది. మా ఆవిడ కూడా రోజూ టార్చి పట్టుకుని వస్తోంది. ఆ బుల్లి డబ్బా రేటు మాత్రం ఇంకా చెప్పలేదు.

జువాలజీ_మేడమ్ | జూలై 22, రాత్రి 10:45

శుభం. ఎండ నేరుగా పడనివ్వకండి.

చెరువుగట్టు_కైకలూరు | జూలై 30, రాత్రి 9:15

రాత్రి రెండున్నర గంటలు కరెంటు పోయింది, గాలి ఆగింది. అర్ధరాత్రి లేచి చెంబుతో ముంచి ఎత్తి పోస్తూ కూర్చున్నాను. పొద్దున చూస్తే సగానికి సగం అడుగున. మిగిలినవి మాత్రం బాగా ఎదిగాయి, ఇప్పుడు భూతద్దం అక్కర్లేదు. చెప్పొద్దూ, ఒకదాన్నొకటి తింటున్నాయని కూడా అనుమానం.

హ్యాచరీ_రాత్రిడ్యూటీ | జూలై 31, రాత్రి 12:40

తింటాయి. పెంకు విడిచి మెత్తగా ఉన్నదే ముందు పోతుంది. కడుపు నిండా పెట్టడం తప్ప మందు లేదు. తిరగబడ్డవి కనబడ్డాక దోమతెర ముక్కలు వేలాడదియ్యండి, పట్టుకుని కూర్చుంటాయి. చెరువులో కొబ్బరి మట్టలు వేసేది కూడా అందుకే.

చెరువుగట్టు_కైకలూరు | ఆగస్టు 10, ఉదయం 6:02

తిరగబడింది!! ఒకటి. 25వ రోజు. అందరూ వెల్లకిలా ఈదుతుంటే ఇదొక్కటే టబ్బు గోడ పట్టుకుని బోర్లా కూర్చుంది. బియ్యపు గింజ కన్నా కొంచెం పొడుగు. మీసాలు కూడా ఉన్నాయి.

లంక_విసురువల | ఆగస్టు 10, ఉదయం 8:30

ఫోటో నాన్నకి చూపించానండి. ఫోను కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఎన్నోది అని అడిగాడు. మొదటిదన్నాను.

చెరువుగట్టు_కైకలూరు | ఆగస్టు 16, ఉదయం 6:20

మొత్తం 43 తేలాయి. వేలల్లో 43. ఆర్టీమియా డబ్బా, క్యాన్లు, మోటారు, ఆటో కలిపితే పిల్ల ఒక్కింటికి ఎంత పడిందో లెక్క వెయ్యదల్చుకోలేదు. వచ్చే ఏడు సీడ్ కొనుక్కుంటాను.

ఒక్క అనుమానం మిగిలింది. మంచినీళ్లకి అలవాటు చెయ్యాలని నిన్న సాయంత్రం నుంచి ఉప్పు తగ్గిస్తున్నాను. టబ్బు అంచు మీద గొట్టం పెట్టి బోరు నీళ్లు చుక్కచుక్కగా పడేట్టు వదిలాను. పొద్దున లెక్కపెడితే 38 ఉన్నాయి. తిన్నాయేమో అనుకుంటూ టార్చి పైకి ఎత్తితే, గొట్టం నీళ్లు జారుతున్న తడి చార మీద, నీటి మట్టానికి జానెడు పైన, వరసగా ఐదు. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో అటు ఎక్కుతున్నాయి. తీసి లోపల వేశాను. పళ్లు తోముకుని వచ్చేసరికి మళ్లీ రెండు ఎక్కాయి. పైన ఏం కప్పమంటారు?

హ్యాచరీ_రాత్రిడ్యూటీ | ఆగస్టు 16, ఉదయం 6:55

దోమతెర కట్టండి బాబాయ్, రబ్బరు బ్యాండు గట్టిగా వెయ్యండి. గొట్టం లోపలికి కూడా దూరతాయి, దాని మూతికి ఓ గుడ్డముక్క.